ఇనుము చల్లారేదాకా ఒక కీర్తన

సారమ్మ ఇంట్లో మధ్యాహ్నం పూట విసుర్రాయి తిరగడం ఆగిపోయింది. అంతకు ముందు, ఎండ వసారాలోకి దిగే వేళకు, ఆమె రాగుల చేట పక్కన పెట్టుకుని, ఒక కాలు చాపి, రాయి ముందు కూర్చునేది. ఏ పొద్దు సంగటికి ఆ పొద్దే విసిరిన పిండి. ఇప్పుడు రాగులు సంచిలో పోసి ఆళ్లగడ్డ రోడ్డు మీది పిండి మిషనుకు పంపిస్తా ఉంది. రాయి మీద గోనెపట్టా కప్పేసింది. మిషను పిండి కాలిపోయినట్టు వేడిగా వస్తుంది, సంగటికి ఆ రుచి రాదు. తెలుసు. తెలిసే పంపిస్తా ఉంది.

గోడ అవతలి హన్నమ్మ వయసులో పెద్దది, నోరు ఊరికే ఉంచుకునే మనిషి కాదు. ఒక రోజు గోడ మీదుగా తల పెట్టి అడిగింది.

"ఏం సారమ్మా, చేతులు నొస్తాండాయా? నేనన్నా వచ్చి విసిరిపోతా గదా."

"నొప్పేం ల్యాదక్కా."

"మరి మిషనోడికి ఎందుకు పెట్టి పోషిస్తాండావ్?"

సారమ్మ పొయ్యి వైపు తిరిగింది. రాయి తిప్పితే పాట వస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు చెయ్యి తిరగడమూ నోరు కదలడమూ ఒకటే పని. పాట వస్తే, ఆ పాట ఎప్పుడు అయిపోతుందా అని అవతల షెడ్డులో ఎదురుచూసే మనిషి లేడు. ఈ మాట హన్నమ్మకు ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియదు. చర్చిలో కూడా అందరితోపాటు లేచి నిలబడుతుంది గానీ పెదవి విప్పదు. దొర్నిపాటిలో పంతులమ్మ పని చేసే కూతురు ప్రసన్నకుమారి వచ్చి కొన్నాళ్లుండి, అమ్మను చూసి ఏడ్చి, బడి తెరిచారని వెళ్లిపోయింది.

మొగుడు యేసుదాసు పోయింది ఆ ఏడాది వానలు పడుతున్నప్పుడు. కళ్లు పచ్చబడి పసిరికలు వచ్చాయి, ఆకుపసరు పోశారు, ఆసుపత్రిలో పెట్టారు, ఏదీ పట్టలేదు.

ఆయనది బండి ఆత్మకూరు వైపు పల్లె. నాయన శాంతయ్య కూలికి పోయే మనిషి. యేసుదాసు మీసాలు రాని వయసులోనే నంద్యాలకు వచ్చి లారీ షెడ్డులో చేరాడు. ఒక సాయిబు మేస్త్రి దగ్గర ఇనుము కోయడం, వంచడం, అతకడం నేర్చుకున్నాడు. పెళ్లయిన కొన్నేళ్లకు ఇంటి పక్కనే రేకులు వేసి సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. బేతంచెర్ల నుంచి నాపరాళ్లు మోసే లారీలు గుంతల్లో పడి ఛాసీలు పగిలి వచ్చేవి. ఛాసీ అంటే బండి మొత్తానికి అడుగున ఉండే ఇనుప చట్రం, మనిషికి వెన్నెముక లాంటిది. దాన్ని అతికి, పట్టీలు వేసి, గట్టి చేయడంలో యేసుదాసు చేతికి పేరు వచ్చింది. ఆయన వెల్డింగు రాడ్డు ముట్టిస్తే చాలు, వీధిలో బల్బులన్నీ ఒకసారి మసకబారేవి. "నీ మొగుడు మా ఇంటి బల్బుతో కన్ను కొట్టిస్తాండాడే" అని హన్నమ్మ ఎగతాళి చేసేది.

పాట సంగతి పెళ్లయిన ఎన్నో ఏళ్లకు గానీ సారమ్మకు తెలియలేదు. ఆ పొద్దు రాగులు విసురుతూ పాడుతోంది. అత్త నేర్పిన కీర్తన, పెద్దది, ప్రతి చరణం తర్వాత పల్లవి రెండుసార్లు. మధ్యలో పాలు పొంగిన వాసన వస్తే లేచి పొయ్యి దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేసరికి యేసుదాసు గడపలో నిలబడి ఉన్నాడు, నల్లద్దం ముసుగు నెత్తికెక్కించుకుని, చేతిలో రాడ్డు పట్టుకుని.

"ఏందీ, ఆపేస్తివి?"

"పాలు పొంగినాయి. నీకేం?"

"ఇంకా మూడో చరణం ఉండాది గదా. నేను ఆడ రాడ్డు పట్టుకోని నిలబడుకోని ఉండా."

ఆ రోజు చెప్పాడు. ఇనుముకు ఒక చోట కుట్టు వేస్తే, అంటే రాడ్డుతో అతికితే, అది ఎర్రగా కాలి ఉంటుంది. చల్లారకముందే పక్కన ఇంకో కుట్టు వేస్తే ఆ వేడి ఈ వేడి కలిసి పట్టీని ఒక పక్కకు లాగేస్తాయి. లారీ ఛాసీ అంగుళం వంకరపోతే టైర్లు ఒక పక్కే అరుగుతాయి, బండి రోడ్డు మీద పీత లాగా అడ్డంగా నడుస్తుంది. అందుకని ఇక్కడ వేలెడు కుట్టు వేసి, ఆగి, అవతలి కొసకు పోయి అక్కడ వేలెడు వేయాలి. ఎంతసేపు ఆగాలి అంటే, సారమ్మ కీర్తన మొదలుపెట్టి ముగించేంత సేపు. పెళ్లయిన కొత్తలోనే ఆయన కనిపెట్టాడంట. ఇన్నేళ్లూ చెప్పకుండా ఆ పాట మీదే పని నడిపాడు.

"నేను ఎందుకు పాడతాండానో తెలీకుండానే నీకు కూలి చేస్తి" అంది సారమ్మ.

"కూలి ఏందే. నువ్వు సగం మేస్త్రివి."

ఆ తర్వాత ఆమె పాలు పొంగినా పాట ఆపలేదు.

ఆళ్లగడ్డ మహానందయ్య శెట్టి బండి ఆ షెడ్డుకు వచ్చింది ఆయన పోయే ముందటి ఎండాకాలంలో. ఆ శెట్టిది పత్తి వ్యాపారం. మంచి రోజుల్లో హైదరాబాదులో ఎవరో నవాబుల ఇంట్లో అమ్ముతుంటే ఒక అమెరికా బండి కొన్నాడు. పడవంత పొడుగు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. కాలు గట్టిగా తొక్కితే ముందుకు దూకే లోపల ఒకసారి ఒక పక్కకు ఒరుగుతుంది, అంత బలం. పెట్రోలు ధర పెరిగాక దాన్ని జిన్నింగు మిల్లు వెనకాల నిలబెట్టేశాడు. నల్లరేగడి బురదలో ఏళ్ల తరబడి నిలబడి, పైన రేకు బాగానే ఉంది గానీ అడుగున ఛాసీ అప్పడంలా పొరలు పొరలుగా ఊడిపోయింది. ఇప్పుడు శెట్టికి ఆ బండి మళ్లీ తిరగాలి. ఆయన తల్లి రత్నమ్మ నడుము పడిపోయి మంచం పట్టింది. బస్సులో కూర్చోలేదు. ఆ బండి వెనక సీటు మీద మంచం మీద పడుకున్నట్టు పడుకోవచ్చు. శివరాత్రికి మహానంది తీసుకుపో అని ముసలామె రోజూ అడుగుతోంది.

మిల్లులోనే బండి పై భాగాన్ని ఊడదీసి దుంగల మీద పెట్టారు. కుళ్లిన ఛాసీ మాత్రం లారీలో వేసుకుని వచ్చారు, కొలతకు. యేసుదాసు దాన్ని నేల మీద పరిచి, చుట్టూ సుద్దగీత గీసి, చాలాసేపు చూశాడు.

"దీన్ని ఇట్లాగే చేస్తే మన గుంతల్లో రెండేండ్లకు మళ్లీ విరుగుతాది శెట్టిగారూ. ఇంజనేమో గుర్రం మాదిరి గుంజుతాది. గాడి మాదిరి ఉండే ఇనుప ఛానళ్లు రెండు ఎదురెదురుగా పెట్టి, పెట్టె మాదిరి మూసి కుడతా. నడుమ అడ్డపట్టీలు ఎక్కువేస్తా. బరువు పెరుగుతాది, కానీ మెలి తిరగదు."

"నీ ఇష్టమప్పా. మా అమ్మ కుదుపు లేకుండా పోయి రావాల, అంతే నాకు."

పెట్టె మూయాలంటే పొడుగునా కుట్టే. లారీ పనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కుట్టు. ఆ ఎండాకాలం అంతా సారమ్మ విసిరిన రాగులు ఇంటికి సరిపోయి మిగిలితే వీధిలో పంచింది. రోజూ పొద్దున్నే ఎండ తగలకముందు యేసుదాసు ఒక దారం కొస ఆమె చేతికిచ్చేవాడు. ఈ మూల నుంచి ఆ మూలకు పట్టి కొలిచేవారు, మళ్లీ రెండో పక్క మూలలకు. రెండు కొలతలూ ఒకటైతే చట్రం చదరంగా ఉన్నట్టు. ఎడమ పక్క దూలం అయిపోయింది. ముందరి భాగం అయిపోయింది. కుడి పక్క దూలం సగానికి వచ్చింది. అప్పుడు ఆయన కళ్లు పచ్చబడ్డాయి.

ఆసుపత్రిలో ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఒక పొద్దు మాత్రం తమ్ముడు యాకోబు చెయ్యి పట్టుకుని, "శెట్టి బండి వంకర పోనీయద్దురా. పాట అయ్యేదాకా ఆగు" అన్నాడు. యాకోబు తల ఊపాడు. అన్న దగ్గరే పని నేర్చుకుని, పెళ్లయి, ఇద్దరు పిల్లల తండ్రి అయినవాడు. చురుకైన మనిషి. అంత చురుకు ఈ పనికి పనికిరాదని యేసుదాసు అనేవాడు.

సంక్రాంతి అయిన వారం మహానందయ్య వచ్చాడు. వసారాలో అరుగు మీద కూర్చుని, పై పంచెతో మొహం తుడుచుకున్నాడు.

"సారమ్మా, కష్టంలో ఉండావు, నేను అడగగూడదు. కానీ శివరాత్రి వస్తాంది. మా అమ్మను చూస్తే వచ్చే ఏటికి ఉంటాదో లేదో తెలీదు. కర్నూల్లో పెద్ద షెడ్డు వాళ్లను అడిగినా. వాళ్లు ఒకరు మొదలుపెట్టింది ముట్టుకోరంట. దీన్ని తుక్కుకు వేసి కొత్తగా చేస్తారంట."

"తుక్కుకా?" అంది సారమ్మ.

అప్పటిదాకా గడపలో నిలబడి ఉన్న ఆమె మెట్టు దిగి షెడ్డు వైపు చూసింది. చట్రం దుంగల మీద ఉంది. ఎడమ దూలం మీద కుట్టు చేపపొలుసులు పేర్చినట్టు, ఒకే మాదిరి, ఈ కొస నుంచి ఆ కొసకు. ఆ పొలుసుల్లో ఒక్కొక్క వేలెడుకు తను పాడిన ఒక్కొక్క పాట ఉంది. ఆయన చేసినవి ఎన్ని ఛాసీలో. అన్నీ లారీల కింద, ఏ ఊళ్లోనో, ఏ రోడ్డు మీదనో. కళ్లముందు ఉన్నది ఇదొక్కటే. దాన్ని కోసి తుక్కు చేయడం ఆమె ఒప్పుకోలేకపోయింది.

"మా యాకోబు చేస్తాడు. ఆ మనిషి చెప్పిపోయినట్టే చేస్తాడు" అంది.

"చేస్తా శెట్టిగారూ. బేగా చేసిస్తా" అన్నాడు యాకోబు.

శెట్టి పై పంచె భుజాన వేసుకుని లేచాడు. "సరే. ఈ శుక్రవారం కాక వచ్చే శుక్రవారం లారీ పంపిస్తా. సక్కగా ఉంటే ఆళ్లగడ్డకు తెస్తారు. లేకుంటే అదే లారీ కర్నూలుకు పోతాది. నన్ను తప్పు పట్టుకోవద్దు."

మరుసటి రోజే యాకోబు మొదలుపెట్టాడు. సారమ్మ ఇంట్లోనే ఉంది. బల్బు మసకబారుతోంది, వెలుగుతోంది. ముసుగు కింద నుంచి యాకోబు కూనిరాగం వినిపిస్తోంది. అదే కీర్తన. ఆమె చెవులు మూసుకున్నట్టు పనిలో పడిపోయింది, గిన్నెలు తోమింది, తోమినవే మళ్లీ తోమింది. రెండు రోజుల్లో ఆ మిగిలిన సగంలో చాలా భాగం కుట్టేశాడు.

పొద్దున్నే దారం తీసుకుని వదినను పిలిచాడు. ఆమె కొస పట్టుకుంది. ఒక పక్క కొలిచారు, ముడి వేశారు. రెండో పక్క కొలిచారు. ముడి బొటనవేలంత అవతల ఉంది.

మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే. వంగి ఒక కన్ను మూసి చూస్తే కుడి దూలం విల్లులా లోపలికి వంగి ఉంది.

యాకోబు నేల మీద కూలబడ్డాడు. "నేను పాట పాడుకోని, అయినంక చెయ్యి పెట్టి కూడా చూసినా వదినా. వేడి ల్యాదు. ఒక్క మాట వదల్లేదు, దేవుని తోడు."

సారమ్మ ఆ చెయ్యి పట్టుకుని చూసింది. ఇనుము పనిలో కాయలు కాసి చెప్పు అట్టలా ఉంది. ఆ చేతికి నిప్పు పెట్టినా తెలియదు.

"ఏదీ, నువ్వు పాడుకుంటివి గదా, ఎట్లా పాడితివో పాడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

యాకోబు సిగ్గుపడి గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. మంచి గొంతు. ఆదివారం చర్చిలో హార్మోనియం పక్కన నిలబడి అందరినీ పాడించే గొంతు. కాలు నేల మీద తాళం వేస్తోంది. చరణం నుంచి చరణానికి కుర్రగుర్రంలా దూకిపోయాడు. పల్లవి ఒక్కసారే అని, తర్వాత దానికి అందుకున్నాడు. గోడ అవతల హన్నమ్మ పొయ్యిలో పుల్లలు ఎగదోసే లోపల పాట అయిపోయింది.

సారమ్మకు అప్పుడు అర్థమైంది. మాటలు అవే, రాగమూ అదే. కానీ అది హార్మోనియం నడక. ఆమె పాడింది రాయి నడక. రాయి ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా మాట సాగుతుంది. పిడికెడు రాగులు పోసేటప్పుడు ఆగుతుంది. మాట లాగి లాగి పాడడం అత్తకూ అంతే, ఆమెకూ అంతే. చర్చిలో పెద్దలు కూడా, "సారమ్మ పాడితే ఆరాధన మధ్యాహ్నం దాకా పోతాది" అని నవ్వేవాళ్లు.

"నువ్వు చర్చిలో పాడినట్టు పాడితివి" అంది.

"మరి కీర్తన ఎట్లా పాడతారు?"

ఆమెకు నవ్వు వచ్చినట్టయి, రాలేదు.

యాకోబు ఆ రోజంతా గ్యాసు మంటతో తను వేసిన కుట్లన్నీ కోసి తీసేశాడు. సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "గడియారం పెట్టుకోని చేస్తా వదినా. నువ్వు ఒక్కసారి పాడు. ఎంతసేపు పడతాదో చూసుకుంటా. ఆ తర్వాత నిన్ను అడగను."

"రేపు చూస్తాం" అంది.

మరునాడు మధ్యాహ్నం ఆమె గోనెపట్టా తీసి దులిపింది. రాయి కడిగి, తుడిచి, ఆరబెట్టింది. చేట పక్కన పెట్టుకుని కూర్చుంది. యాకోబు షెడ్డులోంచి కనిపించేటట్టు తలుపు రెక్క తెరిచి పెట్టాడు. చేతికి పెళ్లినాటి వాచీ పెట్టుకున్నాడు. పిడికెడు రాగులు పోసి కట్టె పట్టుకుని తిప్పింది. మొదటి మాట నోట్లోకి వచ్చింది. అక్కడే నిలిచిపోయింది. రాయి పాట లేకుండా రెండు చుట్లు తిరిగింది.

యాకోబు తల పక్కకు తిప్పుకున్నాడు. "వద్దులే వదినా. కర్నూలుకే పోనీలే."

"ఆగు" అంది ఆమె.

నోరు మూసుకునే తిప్పడం మొదలుపెట్టింది. పాట లోపల నడుస్తోంది. ఎక్కడ రాగులు పోయాలో, ఎక్కడ మాట సాగాలో, ఎక్కడ పల్లవి రెండోసారి తిరగాలో, అన్నీ చేతికి తెలుసు. ఆఖరి మాట అయ్యాక కట్టె వదిలి చెయ్యి పైకెత్తింది. యాకోబు వాచీ వైపు చూడలేదు. ముసుగు దించి రాడ్డు ముట్టించాడు. వేలెడు కుట్టు వేశాడు. రాడ్డు తీశాడు. ఆమె మళ్లీ తిప్పింది. మళ్లీ చెయ్యి ఎత్తింది. ఈసారి అవతలి కొసన ముట్టించాడు.

అట్లా ఎండ వసారాలో సగం దాకా వచ్చింది. చేటలో రాగులు తరుగుతున్నాయి, రాయి చుట్టూ పిండి లేస్తోంది. ఏ కుట్టు దగ్గరో తెలియదు. చెయ్యి ఎత్తకముందే యాకోబు ముసుగు దించుకున్నాడు. ఎందుకు దించుకున్నాడా అని ఆమె అటు చూసింది. చూశాక తెలిసింది, ఆఖరి మాట తన నోటి నుంచి బయటికి వచ్చి ఉంది. ఎప్పటి నుంచి పాడుతోందో ఆమెకు తెలియదు. గొంతు బొంగురుగా, అరిగిన చెప్పులతో నడిచినట్టు ఉంది.

యాకోబు రాడ్డు ముట్టించాడు. హన్నమ్మ గోడ మీదుగా తల పెట్టలేదు. తర్వాతి పాట ఆమె మొదటి నుంచి పైకే పాడింది. కళ్ల నీళ్లు కారుతుంటే కారనిచ్చింది, రెండు చేతులూ పిండిలో ఉన్నాయి, తుడుచుకునే వీలు లేదు.

ఆ వారం అంతా అదే పని. పొద్దున దారం, మధ్యాహ్నం పాట. హన్నమ్మ తన రాగులన్నీ కూడా తెచ్చి పోసింది. "ఎట్లాగూ పాడతాండావ్ గదా, నావి కూడా విసిరిపెట్టు" అని. మిషనోడికి పెట్టి పోషించే బాధ తప్పిందంట.

గురువారం పొద్దున దారం పట్టారు. రెండు కొలతలూ ఒకటే ముడి దగ్గర కలిశాయి. యాకోబు నమ్మలేక దారం కొసలు మార్చి మార్చి కొలిచాడు. చివరకు చట్రం మధ్యలో అడ్డపట్టీ మీద కూర్చుని, అన్న పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. సారమ్మ దారం ఉండ చుట్టుకుంటూ అక్కడే నిలబడింది.

ఇక మిగిలింది రంగు. ఎర్రరంగు పూయడం ముందు నుంచీ ఆమె పనే. యాకోబు డబ్బా, కుంచె తెచ్చి పెట్టి, ఆకురాయి కూడా ఆమె ముందు పెట్టాడు.

"వదినా, రంగు వేసే ముందు కుడి దూలం మీద నా కుట్టు కాస్త రాసి నున్నగా చెయ్. అన్న కుట్టు చూడు, ముత్యాలు కూర్చినట్టు ఉండాది. నాది చూడు, ఎద్దు పేడ వేసినట్టు ఉండాది. శెట్టి చూస్తే నవ్వుతాడు."

"మీ అన్నది కూడా రాసేయాల్నా?"

"రెండూ రాసేస్తే ఎవరిది ఏదో తెలీదు గదా. పైన రంగు పడితే ఒకటే దూలం."

"సరే. నువ్వు పోయి రెండు ముద్దలు తిను" అంది.

అతను పోయాక సారమ్మ ఆకురాయి చేతిలోకి తీసుకుని కుడి దూలం పక్కన గొంతుక్కూర్చుంది. వేలితో తడిమి చూసింది. సన్నని పొలుసులు వరసగా వచ్చి వచ్చి ఒక చోట ఆగిపోయాయి. ఆ రోజు ఆయనకు కళ్లు తిరిగి, రాడ్డు కింద పెట్టి, నీళ్లు అడిగాడు. అక్కడి నుంచి గడ్డలు గడ్డలుగా, మోటుగా, ఎత్తుపల్లాలుగా యాకోబు కుట్టు మొదలైంది. కోసేసి మళ్లీ మొదలుపెట్టిన రోజు వేసింది మరీ మోటు. ఆఖరికి వచ్చేసరికి కాస్త కుదురుకుంది. మోటుదైనా గట్టిగా పట్టింది. దారం అబద్ధం చెప్పదు.

ఆమె ఆకురాయిని తీసుకుపోయి గోడకున్న మేకుకు తగిలించింది. కుంచె రంగులో ముంచి, సన్న పొలుసుల మీదా మోటు గడ్డల మీదా, సందుల్లోకి పోయేటట్టు అద్ది అద్ది పూసింది. మరునాడు శెట్టి లారీ వచ్చి, నలుగురు మనుషులు చట్రాన్ని ఎత్తేటప్పటికి రంగు ఆరింది. కుడి దూలం మీద అన్నదమ్ములిద్దరి చేతులూ కనిపిస్తూనే ఉన్నాయి.